కన్నాల మేస్త్రి చెల్లెలు

ఆ వీధిలో కన్నాల మేస్త్రి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఆ పేరు వినగానే కొత్తవాళ్ళు మాత్రం ఓ అడుగు వెనక్కి వేస్తారు, గోడలకు కన్నాలు వేసి ఇళ్ళు దోచే మనిషేమోనని. పాపం ఆయన వేసేవి కార్లకు. పాత కార్లలో స్టీరింగు వెనకాల ఇనపరేకు ఒకటి ఉంటుంది. స్పీడు చూపించే మీటరు, పెట్రోలు చూపించే మీటరు, ఇంజను వేడి చూపించే మీటరు అందులోనే కూర్చుంటాయి. ఆ రేకులో మీటరుకు సరిగ్గా సరిపడా గుండ్రటి కన్నం కోయడం ఆయన పని. ముప్పై నాలుగేళ్ళుగా అదే పని, అదే షెడ్డు, అదే స్టూలు. అయితే ఈ కథ ఆయనది కాదు. ఆయన వెనకాల ప్లైవుడ్ అడ్డం అవతల కూర్చునే చెల్లెలిది.

ఆవిణ్ణి అందరూ మీటరమ్మ అంటారు. చచ్చిపోయిన మీటరు విప్పి, వెంట్రుకంత సన్నటి స్ప్రింగు మార్చి, వంగిన ముల్లు సరిచేసి, చెరిగిన అంకెల మీద సన్న కుంచెతో తెల్లరంగు దిద్ది మళ్ళీ బతికిస్తుంది. ఈ పని ఎప్పుడు నేర్చుకున్నావంటే బడి ఎగ్గొట్టినప్పుడు అంటుంది. నాన్నేమో దీనికి చదువు అబ్బలేదని పదిమందికీ చెప్పుకున్నాడు. నాన్నకు నన్ను చదివించే తీరిక లేక ఆ మాట పుట్టించాడని ఆవిడ చెబుతుంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఇప్పుడు నాన్న లేడు. ఆయన వదిలిపోయిన షెడ్డు ఉంది, పనిముట్ల పెట్టె ఉంది, ఒక నియమం ఉంది.

నియమం ఇది. కోసిన మనిషి బిగించకూడదు, బిగించే మనిషి కోయకూడదు. ఎందుకంటే కోసిన మనిషికి తను కోసిన కన్నం మీద మమకారం ఉంటుంది. మీటరు కాస్త వదులైనా నొక్కి, బుజ్జగించి, ఏదోలా కూర్చోబెడతాడు. అందుకని అన్నయ్య కోసి అడ్డం అవతలికి అందిస్తాడు. చెల్లెలు మీటరు పెట్టి చూస్తుంది. కుదిరితే బిగిస్తుంది. కుదరకపోతే రేకు వెనక వైపు సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా తిరిగి పంపిస్తుంది. అంతే. తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం అన్నయ్య పని.

మొదట్లో ఆవిడ ఈ ఇంటూ గుర్తులు పెళ్ళిపందిట్లో అక్షింతల్లా చల్లింది. అన్నయ్యకు ముక్కు మీద కోపం. రేకు అక్కడ పడేసి, కళ్ళున్నాయా లేవా నీకు అని ఒంటికాలి మీద లేచేవాడు. ఆవిడేమీ తక్కువ తినలేదు, కళ్ళుండబట్టే గుర్తు పెట్టానని అంతకంత అనేది. మూడేసి రోజులు మాటలుండేవి కావు. నాలుగో రోజు కొత్త రేకు అడ్డం మీదుగా వచ్చేది, కన్నం అద్దంలా ఉండేది. అలా కొట్టుకుని కొట్టుకుని ఇద్దరూ పేరు తెచ్చుకున్నారు. కన్నాల మేస్త్రి కోస్తే వాషరు అక్కర్లేదని మెకానిక్కులు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట అన్నయ్య చెవిన పడ్డ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు, భోజనానికి ముందోసారి, తర్వాతోసారి.

రెండేళ్ళ కిందట ఆయన వేళ్ళు తెల్లబడటం మొదలైంది. పొద్దున లేచేసరికి సున్నంలో ముంచి తీసినట్టుండేవి. తర్వాత తిమ్మిరి, తర్వాత స్పర్శ తెలియకపోవడం. అన్నేళ్ళు అదిరే మిషన్లు పట్టుకుంటే ఇలాగే అవుతుందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలంటే పని మానేయమని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి చెల్లెలికి చెప్పొద్దని అన్నయ్య భార్య దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. భార్య ఆ ఒట్టును గంటసేపు నిలబెట్టుకుంది.

ఆవిడా మీటరమ్మా ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. పెరట్లో బట్టలు ఆరేస్తూ వదిన చెప్పింది, మీ అన్నయ్య చొక్కా గుండీలు నేనే పెడుతున్నానని. చెప్పి, తడి చొక్కా ఒకటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మీటరమ్మ పైకి తేలిగ్గా, చలికాలం కదా వదినా అంది. అప్పుడు ఉక్కపోతగా ఉంది.

ఆ వారంలోనే ఒక టాక్సీ రేకు వచ్చింది. కన్నం ఒక పక్క వదులు. అలవాటు కొద్దీ సుద్ద తీసి గుర్తు పెట్టి పంపించేసింది, పంపాక నాలిక కరుచుకుంది. అవతల్నుంచి కేకలు వస్తాయని చూసింది. రాలేదు. మధ్యాహ్నం దాకా ఏ చప్పుడూ లేదు. తొంగిచూస్తే అన్నయ్య ఆ రేకు ఒళ్ళో పెట్టుకుని, గుర్తు కేసి చూస్తూ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరిస్తే బాగుండును అనుకుంది. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఆవిడ ముఖం చూడకుండా అడిగాడు.

"నా పని అయిపోయిందంటావా అమ్మలూ?"

"ఛ, రేకే మెత్తది అన్నయ్యా. పనికిమాలిన రేకు తెచ్చిచ్చాడు వాడు."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే ఆశ్చర్యం. అన్నయ్య ముఖంలోకి ఒక్కసారిగా రక్తం వచ్చినట్టయింది. రేకుదే తప్పని నమ్మాడు, నమ్మాలని ఉంది కాబట్టి. ఆ తర్వాత వచ్చిన కన్నమూ వదులే. ఈసారి ఆవిడ సుద్ద ముట్టుకోలేదు. పాత సైకిల్ ట్యూబులోంచి సన్నటి రింగు కత్తిరించి మీటరు మెడకు తొడిగి కూర్చోబెట్టింది. మీటరు ముందు అంచు ఆ రింగును కప్పేసింది. చూసినవాళ్ళు ఎవరూ కనిపెట్టలేరు. బండివాడు సంతోషంగా వెళ్ళిపోయాడు. అన్నయ్య అడ్డం మీదుగా తల పెట్టి, కుదిరిందా అన్నాడు. కుదిరింది అంది.

అలా మొదలైంది. బల్ల కింద ఒక రేకు డబ్బా పెట్టుకుంది. తీరిక దొరికినప్పుడల్లా కొలతకొక రింగు ముందే కత్తిరించి అందులో వేసుకునేది. ఒక్కోసారి రింగు అవసరం లేకుండానే కన్నం చక్కగా కుదిరేది. ఆ రోజు ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్ళేది. మర్నాడు మళ్ళీ డబ్బా మూత తీసేది.

ఇంతలో అన్నయ్య ఒక్కో పనిముట్టూ వదిలేస్తూ వచ్చాడు. మొదట సన్నటి రంపం పైకీ కిందికీ ఆడే జిగ్ సా మిషను వదిలేశాడు. అది రేకును ఊపేస్తుంది, రంగు లేచిపోతుంది అన్నాడు. నిజమే, లేచిపోతుంది. కానీ ముప్పై ఏళ్ళూ లేచిపోయింది కదా. అది ఆగాక కూడా గంటసేపు ఆయన వేళ్ళు అదురుతుండటం ఆవిడ చూసింది. తర్వాత హోల్ సా వదిలేశాడు. గిన్నెలా గుండ్రంగా ఉండి అంచున పళ్ళుండే బ్లేడు అది. డ్రిల్లుకు తగిలించి నొక్కితే చిటికెలో కన్నం పడుతుంది. పళ్ళు రేకులో ఇరుక్కుంటే మాత్రం మిషను మణికట్టును మెలితిప్పేస్తుంది. ఒకరోజు మెలితిప్పింది కూడా. ఆ తర్వాత స్క్రూ పంచ్. రేకుకు అటొక ముక్క, ఇటొక ముక్క పెట్టి మధ్యలో బోల్టు బిగిస్తూ పోతే బిళ్ళ ఊడి పడుతుంది, కన్నం అచ్చు పోసినట్టు వస్తుంది. ఆయనకు ప్రాణమైన పనిముట్టు. కానీ స్పానరు బలంగా పట్టుకు తిప్పాలి. రెండుసార్లు స్పానరు చేతిలోంచి జారి కాలి మీద పడ్డాక, పంచ్ మొండిబారింది అని గుడ్డలో చుట్టి పైన పెట్టేశాడు. అది నిన్న పదును పెట్టిన కత్తిలా ఉందని ఆవిడకు తెలుసు. ఒకరోజు ఆయన లేనప్పుడు తీసి వేలితో చూసింది.

చివరికి మిగిలింది ఆకురాయి. కోయాల్సిన గీత లోపలి పక్క చేత్తో తిప్పే డ్రిల్లుతో చిన్న చిన్న బెజ్జాలు వరుసగా వేసి, మధ్య ముక్కలు ఉలితో తెంపి, మిగతాదంతా అర్ధచంద్రంలా ఉండే ఆకురాయితో గీత దాకా అరగదీయాలి. అదరదు, మెలితిప్పదు, జారదు. అన్నిటికంటే సాధువైన పనిముట్టు అని అన్నయ్య మురిసిపోయాడు. నాన్న కూడా దీంతోనే మొదలుపెట్టాడు, మనమే మిషన్ల మోజులో పడ్డాం అన్నాడు. చెల్లెలు తల ఊపింది. ఆకురాయితో వచ్చిన చిక్కు ఏమిటంటే అది వేలికొసలతో చేసే పని. ఎక్కడ ఎక్కువ పోయిందో, ఎక్కడ గరుకుందో కంటికంటే ముందు వేలికి తెలియాలి. తెలియని వేళ్ళకు ఆ సాధువైన పనిముట్టే పెద్ద గండం అయింది. చేతిని కాపాడుకోవడానికి ఎంచుకున్నది చేతిలో లేనిదాన్ని అడిగింది.

ఈ పరిస్థితిలో లెక్కల మాస్టారు వచ్చాడు.

మాస్టారు రిటైరై ఎనిమిదేళ్ళయింది. వాళ్ళ నాన్న నడిపిన కారును ముక్కముక్కగా బాగు చేయించుకుంటున్నాడు. పాత డాష్‌బోర్డు తుప్పు పట్టి జల్లెడైపోతే ఆరేళ్ళు పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఎక్కడో మూసేసిన ఒక షాపు అటక మీద కంపెనీ కాగితం చుట్టి ఉన్నట్టే ఉన్న రేకు దొరికింది. కన్నాలు వేయనిది, మెరిసే నీలిరంగుది, రెండు చివరలా వంపు తిరిగింది. అలాంటిది ఇంకొకటి ఎక్కడా లేదని ఆయన ముందే చెప్పాడు. బెదిరించడానికి కాదు, మురిపెం కొద్దీ. దుప్పటిలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా తెచ్చాడు. వాళ్ళ నాన్న మీటర్లు మూడూ అంతకుముందే మీటరమ్మ బాగు చేసిచ్చింది. వాటి అంచులు చాలా సన్నం, గోరంత కూడా కప్పవు. రింగు పెడితే నల్లగా బయటికి కనిపిస్తుంది.

ఆవిడ రేకు పక్కన పెట్టి ఆ అంచులు మళ్ళీ కొలిచి చూసింది. ఇప్పుడు చెప్పాలి. ఇంక చెప్పక తప్పదు.

ముందు దారి మళ్ళించి చూసింది. ఊరి చివర షీట్ల దుకాణంలో కంప్యూటరు మిషను వచ్చిందట, దాంతో కోయిస్తే పోలా అంది. అన్నయ్య నవ్వాడు. అది బల్లపరుపుగా ఉన్న రేకునే కోస్తుంది, ఈ వంపు దాని బల్ల మీద పడుకోదు అన్నాడు. అదీ నిజమే. పోనీ చిన్న కన్నాలకు స్క్రూ పంచ్ పెట్టు, స్పానరు నేను తిప్పుతాను అంది. అన్నయ్య నవ్వడం మానేశాడు. నియమం మర్చిపోయావా అన్నాడు. రెండేళ్ళుగా నియమాన్ని బల్ల కింద డబ్బాలో పెట్టి మూత వేసింది తనే కదా.

వదిన దగ్గరికి పరుగెత్తింది. నువ్వు చెప్పు, భార్యవి, నీ మాట వింటాడు అంది. నువ్వే చెప్పు, పనిలో దానివి, నీ మాటే నమ్ముతాడు అని వదిన అంది. ఇద్దరూ వంటింట్లో చాలాసేపు ఆ భారాన్ని అటూ ఇటూ తోసుకున్నారు. చివరికి మీటరమ్మే ఒప్పుకుంది, రేపు పొద్దున చెబుతానని.

పొద్దున వెళ్ళేసరికి అన్నయ్య పనిముట్లన్నీ బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టుకున్నాడు. వదిలేసినవి కూడా దింపాడు. జిగ్ సా ఎత్తి చూసి దించాడు. హోల్ సా బ్లేడు లెక్కల మాస్టారి పెద్ద మీటరు పక్కన పెట్టి కొలిచి, ఆ సైజు లేక అవతలికి నెట్టాడు. పంచ్ గుడ్డ విప్పి కాసేపు పట్టుకుని మళ్ళీ చుట్టేశాడు. ఇన్నాళ్ళూ ప్రతిదానికీ ఒక సాకు చెప్పిన మనిషి ఆ రోజు ఏ సాకూ చెప్పలేదు. ఆకురాళ్ళు ఐదింటినీ తీసి, బ్రష్షుతో పళ్ళు శుభ్రం చేసి, సుద్ద రాసి, ఒకదాని పక్కన ఒకటి సర్దాడు. పరీక్షకు కూర్చునే కుర్రాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. ఈ ఒక్కటి బాగా చేస్తే చాలు అమ్మలూ, ఇంక చిన్నా చితకా పనులు మానేస్తాను అన్నాడు.

ఆవిడ అన్నయ్యా అని పిలిచింది. ఏంటి అని తలెత్తాడు. టీ తెమ్మంటావా అని అడిగింది.

నాలుగు రోజులు ఆకురాయితో అరగదీశాడు. ప్లైవుడ్ ఇవతల కూర్చుని ఆవిడ విన్నది. ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడు అది, చూడకుండానే అన్నీ తెలుస్తాయి. గీతకు దూరంగా ఉన్నప్పుడు గర్రుమంటుంది, దగ్గరకొచ్చేకొద్దీ సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. మూడో రోజు మధ్యాహ్నం కింద కుడివైపు ఈల మొదలైంది. అక్కడితో ఆగాలి. ఆగలేదు. ఇంకో రెండు రాపిళ్ళు, ఇంకో నాలుగు. ఆవిడ లేచి నిలబడింది. అడ్డం మీద చెయ్యి వేసింది. ఇప్పుడు ఆపు అంటే, నీకెలా తెలుసు అంటాడు. చప్పుడును బట్టి అంటే, మరి ఇన్నాళ్ళూ వినపడలేదా అంటాడు. మింగలేక కక్కలేక అలాగే నిలబడింది. ఇంకో ఆరు. తర్వాత ఆగింది. అవతల అన్నయ్య ఊది రజను ఎగరగొట్టిన చప్పుడు, కన్నం చుట్టూ వేలు తిప్పిన చప్పుడు. ఆ వేలికి ఏమీ తెలియదు. ఆవిడకు తెలిసింది, చెయ్యగలిగిందేమీ లేదు.

ఐదో రోజు పొద్దున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద కన్నం పూర్తయింది, మీటరు పెట్టి చూడటమే తరువాయి. మాస్టారికి ఓ కోరిక పుట్టింది, వాళ్ళ నాన్న మీటరును మేస్త్రే తన చేత్తో కూర్చోబెట్టాలని. అన్నయ్య నియమం సంగతి చెప్పి కుదరదన్నాడు. నేను పెడతాను మాస్టారూ అని మీటరమ్మ చటుక్కున ముందుకొచ్చింది. ఆ తొందర చూసి అన్నయ్యకు ముచ్చట వేసింది కాబోలు, పోన్లే, ఇవాళొక్క రోజు నన్ను పెట్టనీ అన్నాడు.

వేళ్ళు పట్టు ఇవ్వవు కాబట్టి రెండు అరచేతుల మధ్య మీటరు పట్టుకుని మెల్లగా తోశాడు. మూడు వైపులా అంచు రేకు మీద ఆగింది. కింద కుడివైపు లోపలికి జారిపోయింది. మీటరు తల వాల్చినట్టు వంగి, ఆ సందులోంచి అవతలి కిటికీ వెలుగు నెలవంకలా కనిపించింది. తీసి, కొంచెం తిప్పి మళ్ళీ పెట్టాడు. అదే సందు. మూడోసారి పెట్టాడు.

అప్పుడు మీటరమ్మ చెయ్యి బల్ల కిందికి పోయి డబ్బా మూత తీసింది. ఆవిడ పొమ్మనలేదు. రెండేళ్ళ అలవాటు, దానంతటదే పోయింది. రింగు రెండు వేళ్ళ మధ్యకు వచ్చాకే ఆవిడకు తెలివొచ్చింది. అప్పటికి అన్నయ్య దాన్నే చూస్తున్నాడు.

వంగి డబ్బా పైకి తీసి బల్ల మీద బోర్లించాడు. రింగులు గుట్టగా పడ్డాయి. ఒక్కోదాని మీద సిరాతో కొలత రాసి ఉంది. యాభై రెండు. అరవై. ఎనభై.

"ఇన్ని ఎందుకున్నాయి?"

ఆవిడ చేతిలో ఉన్న రింగును కూడా ఆ గుట్టలో పెట్టింది.

"నేను కోయకముందే కోసి పెట్టుకున్నావా?"

మాస్టారు మంచి మనిషి. కంగారుగా కల్పించుకుని, ఏం పర్వాలేదు మేస్త్రీ, ఆ రింగేదో పెట్టేయండి, ఎవరు చూడొచ్చారు అన్నాడు. ఆ మంచితనం అన్నయ్యకు చెంపదెబ్బలా తగిలింది. మనుషులు తనతో ఎలా మాట్లాడుతున్నారో మొదటిసారి విన్నాడు. సుద్దముక్క తీసుకుని, నీలిరంగు రేకు తిరగేసి, వెనక పెద్ద ఇంటూ గుర్తు తనే పెట్టాడు. సుద్ద మధ్యలో విరిగిపోతే విరిగిన ముక్కతోనే పూర్తి చేశాడు. మీ రేకు నేను పాడుచేశాను మాస్టారూ, అతుకు వేస్తే వేడికి వంకర పోతుంది, నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు అన్నాడు. మాస్టారు దుప్పటి పరిచి రేకును మళ్ళీ చుట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు మీటరమ్మ వైపు చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నయ్య అడిగాడు.

"రెండేళ్ళు."

"నువ్వు అప్పుడు గుర్తులు పెట్టడం మానకుండా ఉంటే నేను ఆ రోజే మానేసేవాణ్ణి. బాధపడేవాణ్ణి. ఏడ్చేవాణ్ణేమో కూడా. కానీ ఈయన రేకు ముట్టుకునేవాణ్ణి కాదు కదా అమ్మలూ."

గొంతులో కోపం లేదు. తిట్టినా, సుత్తి విసిరినా ఆవిడ తట్టుకునేది. నిన్ను బాధపెట్టలేక అన్నయ్యా అని చెప్పబోయింది. ఆ మాట నోటి దాకా వచ్చేసరికి ఎంత చచ్చుగా ఉందో తెలిసి మింగేసింది. తనను తాను కాపాడుకోవడానికే అన్నీ చేసిందేమో. ఆ రోజు స్టూలు మీద కూర్చున్న అన్నయ్యను రెండోసారి చూడలేకే చేసిందేమో.

మర్నాడు పొద్దున అన్నయ్య ఆవిడ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టి ఉన్నాయి, అంటే వదినకు చెప్పే బయల్దేరాడు. నీ సామాన్లు తీసుకుని రా, బళ్ళు చూసొద్దాం అన్నాడు. తన కన్నాలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో, ఒక్కోటి ఎంత పాడైందో తన కళ్ళతో చూడాలట. చూసి ఏం చేస్తావని ఆవిడ అడగలేదు. మీటరు వెనకాల చిన్న నట్లు ఆయన వేళ్ళకు ఊడవు, అందుకే తనను రమ్మంటున్నాడని అర్థమై స్క్రూడ్రైవర్ల సంచి భుజాన వేసుకుంది.

స్టాండులో వాళ్ళు పని చేసిన టాక్సీ ఒకటి దొరికింది. డ్రైవరు ఏమైందని కంగారు పడితే, ఏం లేదు బాబూ, చూసి పోతాం అన్నాడు అన్నయ్య. ఆవిడ స్టీరింగు కిందికి వంగి, నట్లు విప్పి, మీటరు బయటికి లాగింది. మెడకు తన రబ్బరు రింగు. దాన్ని ఒలిచి అన్నయ్య అరచేతిలో పెట్టింది. ఆయన తల వంచి కన్నాన్ని చూశాడు. కోడిగుడ్డులా ఉంది. చూడటం అయ్యాక బిగించెయ్యి అన్నాడు. రింగు తొడగనా అని అడగాల్సి వచ్చింది. తొడుగు, లేకపోతే పడిపోతుంది కదా అన్నాడు.

తర్వాత మందుల షాపాయన కారు. రెండు మీటర్లు, రెండు రింగులు. ఎండ ఎక్కుతోంది. తాను దాచినవాటిని తన చేత్తోనే ఒక్కొక్కటీ విప్పి ఆయనకు చూపిస్తుంటే ఆవిడకు ఏడుపు కూడా రావడం లేదు. ఇంకెన్ని ఉన్నాయని అన్నయ్య అడిగాడు. ఆవిడ లెక్క పెట్టలేదంది. అదొక్కటీ నిజం.

మూడోది ఫొటోగ్రాఫరు కారు. స్టూడియో ముందు ఆపి ఉంది. ఆ డాష్‌బోర్డు ఆవిడకు బాగా గుర్తు. కిందటేడాది చేసింది, రింగు అవసరం లేకుండా ఒక్కసారికే కుదిరింది. ఆ రోజు సంతోషం పట్టలేక వదినకు కూడా చెప్పింది. నట్లు విప్పుతుంటే రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ గుండె తేలికపడింది. మీటరు తీసి మెడ చూపించింది.

"ఇది చూడన్నయ్యా. దీనికి పెట్టలేదు. అవసరమే రాలేదు."

అన్నయ్య ముందు సీట్లో కూర్చుని కన్నం మీదికి వంగాడు. గుండ్రంగా, గీత గీసినట్టే ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత చూపుడువేలు లోపల పెట్టి అంచు చుట్టూ తిప్పాడు. ఒకసారి, రెండుసార్లు. వేలు తీసి దాన్నే చూసుకున్నాడు.

"నున్నగా ఉందా?" అని అడిగాడు.

ఆవిడ తన వేలు పెట్టి చూసింది. ఎక్కడా ఒక్క గరుకు లేదు. నాన్న కోసినట్టుంది.

"నున్నగా ఉందన్నయ్యా."

అన్నయ్య ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎక్కడైనా ఏదైనా దొరుకుతుందేమోనని వెతికినట్టు చూశాడు. తర్వాత కారు దిగి, స్టూడియో మెట్ల మీద నిలబడి ఉన్న ఫొటోగ్రాఫరును పిలిచాడు.

"బాబూ, ఏమీ అనుకోకుండా ఒకసారి ఇలా వచ్చి, మీ వేలు పెట్టి చూసి చెబుతారా?"